బొంత ముక్కలను వేస్ట్ అనొద్దు, మెడలో వేసుకుందాం

పోస్టు కొంచెం పొడుగే. ఓపికతో చదవండి.

మేం ఐదుగురం. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి డిగ్రీ చదువుతున్నం. ముగ్గురం ఆడపిల్లలం, ఇద్దరం మగపిల్లలం. సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు మాలో ఒకరి యాడి కొత్త బొంత కుడుతున్నది. అడుగున మూడు పొరల పాత చీరలు, పైన దర్జీ దగ్గర అడిగి తెచ్చుకున్న కట్ పీసులు. బొంత అయిపోయినంక ఒక సంచి నిండా ముక్కలు మిగిలినయి. "ఈ వేస్ట్ పారేద్దామా యాడీ?" అని మాలోనే ఒకరం అడిగినం. ఆమె ఏమీ అనలేదు. సంచి మూతి కట్టి దూలానికి తగిలించింది.

ఆ 'వేస్ట్' అనే మాట మా నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలుసు. హాస్టల్‌లో చేరిన మొదటి ఏడు మాలో ఒకరు ఇంటి నుంచి బొంత తెచ్చుకున్నది. రూములో వాళ్లు "పేలికల దుప్పటి" అని నవ్వితే మడిచి పెట్టెలో పెట్టేసింది. ఆ చలికాలమంతా బజారులో కొన్న పల్చటి దుప్పటితో వణుక్కుంటూ పడుకున్నది. అదే ముక్కల కుట్టుకు ప్యాచ్‌వర్క్ అని పేరు పెట్టి పెద్ద షాపులో అద్దాల వెనుక వేలాడదీస్తే, ఆ నవ్వినోళ్లే రేటు అడుగుతరు. నవ్వింది కుట్టును చూసి కాదు, కుట్టినోళ్లు ఎవరో చూసి.

అందుకే ఆ సంచి దించి స్కార్ఫులు కుట్టినం. పని తేలికే. ముందు ముక్కలన్నీ ఉతికి ఆరేయాలి. కొత్త గుడ్డ కుంచించుకుపోతుంది, ఎరుపు రంగు దిగుతుంది. తర్వాత 9 అంగుళాల చదరాలు ఎనిమిది కత్తిరించాలి. ముక్కలు చిన్నవైతే రెండు మూడు కలిపి ఆ కొలతకు తేవచ్చు. అర అంగుళం కుట్టు వదిలి వరుసగా కలిపితే 65 అంగుళాల పట్టీ వస్తుంది. వెనుక వైపుకు అదే కొలతలో పాత కాటన్ చీర ముక్క వాడండి. రెండు వైపులా బొంత గుడ్డే వేస్తే మెడ దగ్గర అట్టలాగా నిలబడుతుంది, మొదటిది మేం అట్లనే పాడుచేసుకున్నం. రెండు మంచి వైపులు లోపలికి పెట్టి చుట్టూ కుట్టి, పక్కన అరచెయ్యి పట్టేంత సందు వదలాలి. ఆ సందులో నుంచి తిప్పేసి, మూలలు పెన్ను మూతతో మెల్లగా నెట్టి, ఇస్త్రీ చేసి, సందును చేత్తో కుట్టెయ్యాలి. 64 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు స్కార్ఫు తయారు. మిషన్ మీద మాకు రెండు గంటలు దాటింది. మిషన్ దొరకనోళ్లకు మూడు సాయంత్రాలు పట్టింది.

"చదువుకోమని పంపితే మళ్ళీ సూది పట్టమంటరా?" అని కొందరు చెల్లెళ్లు అడుగుతరు. ఆ కోపం న్యాయమైనదే. ఫేటియా, కాంచళి, టుక్రి మీద అద్దాలు కుట్టీ కుట్టీ కళ్లు పాడైన నానమ్మలు మన ఇళ్లలో ఉన్నరు. ఈ చాకిరీ బిడ్డకు వద్దనే మన తల్లులు మనల్ని బడికి తోలిండ్రు. కాబట్టి దీన్ని ఆడపిల్లల పని చేసి వాళ్ల నెత్తిన పెడితే మేం ఒప్పుకోం. మాలో ఇద్దరు మగపిల్లలు కూడా కుట్టిండ్రు. ఒకరి కుట్టు పాము పోయినట్టు వంకర, అయినా అదే వేసుకొని కాలేజీకి వస్తున్నడు.

ఇంకో మాట, అమ్మకం గురించి. ఫొటో చూడగానే "బిజినెస్ పెట్టండి" అనే మెసేజ్‌లు వచ్చినయి. అమ్మొద్దని మేం అనం. కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి జీఐ గుర్తింపు ఉంది. అక్కడ మనవాళ్లు ఎస్సీ జాబితాలో ఉంటరు, ఇక్కడ ఎస్టీలో. సూది పని మాత్రం రెండు చోట్లా ఆ తల్లులదే. కానీ గుర్తింపు వేరు, కుట్టిన చేతికి ముట్టే పైసలు వేరు. మూడు సాయంత్రాల పనికి ఎవరో వచ్చి యాభై రూపాయలు చేతిలో పెడితే అది కూలి కూడా కాదు. అమ్మే రోజు వస్తే ముందు గంటలు రాసుకుందాం, కూలి లెక్క కట్టుకుందాం, తర్వాతే రేటు చెబుదాం. అప్పటిదాకా మనమే వేసుకుందాం. మనం దాచుకునే దాన్ని పక్కోడు గౌరవంగా కొనాలంటే ఎట్లా కొంటడు?

కోయ, గోండు, చెంచు మిత్రులు మీ ఇళ్లలో పాత గుడ్డలతో ఏం కుడతరో, దాన్ని మీ భాషలో ఏమంటరో కింద రాయండి. మాకు తెలిసింది మా తండాల సంగతే.

వేసవి సెలవులకు ఇంటికి పోయేవాళ్లు ఒక సంచి ముక్కలు, ఒక పాత కాటన్ చీర అడిగి పెట్టుకోండి. కొలతల్లో డౌట్ ఉంటే అడగండి, చెబుతం. మా ఐదింటిలో ఒకదానికి ఎర్ర రంగు తెల్ల ముక్కలోకి దిగింది. ఉతకకుండానే కుట్టినం మరి. అది ఇప్పుడు యాడి మెడలో ఉంది, తెల్లారి చేనుకు పోయేటప్పుడు కట్టుకుంటున్నది.