తాళంచెవి యెవరి మొలలో వుంది?

సాఫ్ట్‌వేర్ మాట యెత్తగానే మన మిత్రులలో కొందరు మొహం పక్కకు తిప్పుకుంటారు. అది యింజనీర్ల గొడవ అనీ, భూమి గురించీ కూలి గురించీ మాట్లాడవలసిన వాళ్ళు అందులో తల దూర్చడం దేనికనీ వారి అభిప్రాయం. రేషను కార్డు, పాసుపుస్తకం, పింఛను, హాల్‌టికెట్టు అన్నీ కంప్యూటర్లో కెక్కిన కాలం యిది. ఆ యంత్రాన్ని నడిపే సూత్రాలు యెవరి సొత్తు అని అడగకపోవడమంటే, కచేరీ తాళంచెవి షావుకారు మొలలో వుంటే వుండనీ అని వూరుకోవడమే.

మరికొందరు మిత్రులున్నారు. వీరు ఓపెన్ సోర్స్‌ను సమర్థిస్తారు. కాని యెందుకయ్యా అంటే చవక గనక అంటారు. యీ సమర్థన శత్రువు వాదన కన్న ప్రమాదకరం. చవకే కారణమైతే, అవతలివాడు రేపు వుచితంగా యిస్తానన్న రోజున మనం చెప్పగలిగిందేమీ వుండదు.

పెరూ దేశంలో సరిగ్గా అదే జరిగింది. ప్రభుత్వ కార్యాలయాలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే వాడాలని అక్కడి పార్లమెంటులో వొక బిల్లు వచ్చింది. మైక్రోసాఫ్ట్ వారి పెరూ అధికారి 2002 మార్చిలో అభ్యంతరాలు రాసి పంపాడు. ఏప్రిల్ 8న పార్లమెంటు సభ్యుడు ఎడ్గార్ విల్లనూయెవా యిచ్చిన జవాబును మన విద్యార్థులు వెతుక్కుని చదవాలి. డబ్బు ఆదా కావడం ప్రధాన లక్ష్యం కాదని ఆయన స్పష్టంగా చెప్పాడు. ఆయన నిలబడింది మూడు విషయాల మీద: ప్రభుత్వ సమాచారం పౌరుడికి అడ్డులేకుండా అందాలి, ఆ సమాచారం యే వొక్క అమ్మకందారు దయమీదా ఆధారపడకుండా శాశ్వతంగా నిలవాలి, పౌరుల వివరాలకు భద్రత వుండాలి. సోర్స్ కోడ్ చూడనివ్వని యంత్రం లోపల యేమి చేస్తున్నదో ప్రభుత్వానికే తెలియనప్పుడు, పౌరుడికి అది భద్రత గురించి యేమని హామీ యివ్వగలదు? కంపెనీలు అమ్ముకోవడాన్ని యీ బిల్లు నిషేధించడం లేదనీ, ప్రభుత్వం తాను కొనేటప్పుడు పెట్టే షరతులనే చెబుతున్నదనీ కూడా ఆయన రాశాడు. అదే యేడు జులైలో అధ్యక్షుడు టొలెడో అమెరికాలో బిల్ గేట్స్‌ను కలిశాడు. పెరూకు అయిదున్నర లక్షల డాలర్ల విరాళం వచ్చింది. 2005లో చివరకు తయారైన చట్టంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తప్పనిసరి అన్న మాట లేదు. "తటస్థత" అన్న మాట వుంది.

పెరూ దూరమంటారా? 2025 జులైలో ఐరోపా ఆంక్షలు వచ్చిన కొద్ది రోజులకే గుజరాత్‌లోని నయారా చమురు కంపెనీకి మైక్రోసాఫ్ట్ సేవలు నిలిపివేసింది. ఆ కంపెనీలో రష్యా వాటా వున్నమాట నిజమే. కాని భారత చట్టమేదీ ఆ నిలుపుదల కోరలేదు. ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళిన తరువాత ఆ నెలాఖరులోనే సేవలు తిరిగి వచ్చాయి. ఆ స్థానంలో వొక జిల్లా ఆస్పత్రి వుంటే కోర్టుకు వెళ్ళే వ్యవధి వుండేదా?

దీనికి ప్రభుత్వం కనిపెట్టిన మందు స్వదేశీ. కేంద్ర వుద్యోగుల ఈమెయిళ్ళు సుమారు 12 లక్షలు జోహో వేదిక మీదకు మారాయి. 2025 అక్టోబరులో విద్యాశాఖ ఆ కంపెనీ ఆఫీసు సాఫ్ట్‌వేరే వాడమని అధికారులకు వుత్తరువిచ్చింది. కంపెనీ చెన్నైదే, కాదనను. కాని ఆ సాఫ్ట్‌వేర్ కూడా మూసిన పెట్టే. షావుకారు మన వూరివాడైనంత మాత్రాన తాళంచెవి మన చేతికి వచ్చినట్టా? ఓపెన్ సోర్స్‌కే మొదటి స్థానమివ్వాలని 2015లో విధానం ప్రకటించింది కూడా కేంద్ర ప్రభుత్వమే. మినహాయింపులకు అందులోనే దారి వుంచుకుంది.

మూసిన పెట్టె అంటే యేమిటో తెలుగువాడికి వేరే చెప్పాలా? యూనికోడ్ వాడుకలోకి రాకముందు కంపెనీకొక ఫాంటులో టైపు చేసిన తెలుగు ఫైళ్ళను యీనాడు తెరవండి. ఆ ఫాంటు లేకపోతే అక్షరాల స్థానంలో పిచ్చి గీతలు కనిపిస్తాయి. రాసింది మన భాష. చదవడానికి అనుమతి మాత్రం మరొకడిది.

ఓపెన్ సోర్స్ మంత్రదండమని నేననడం లేదు. దాన్ని నిలబెట్టే మనుషులకు జీతాలివ్వాలి, శిక్షణ యివ్వాలి. మ్యూనిక్ నగరం 2003లో నిర్ణయించి, పదేళ్ళు శ్రమపడి, పదిహేను వేల కంప్యూటర్లను లైనక్స్‌కు మార్చింది. 2017లో పాలకులు మళ్ళీ విండోస్‌కే తీర్మానించారు. కేరళ బడులలో అది నిలిచింది. ఎందుకంటే అక్కడ దాన్ని నేర్చుకుని, మలయాళానికి మలుచుకుని, తోటివారికి నేర్పింది వుపాధ్యాయులే. పైనుంచి వూడిపడ్డ సర్క్యులరు వల్ల మాత్రమే జరిగిన పని కాదది.

మన విశ్వవిద్యాలయాలూ కాలేజీలూ కంప్యూటర్ల టెండర్లు పిలుస్తూనే వున్నాయి. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ వుంది. ఆ కాగితాలు తెప్పించండి. మార్కుల జాబితాలు యే పద్ధతిలో దాస్తున్నారో, కాంట్రాక్టు ముగిసిన నాడు వాటిని యెవరికి, యే రూపంలో అప్పగిస్తారో చూసి, మీ సంఘం సమావేశంలో చదివి వినిపించండి.