నడిచి చేరవలసిన నీరు

కొంపల్లిలో కాపురముండువారికి లభించిన సౌకర్యములలో మొదట చెప్పదగినది వారి గుమ్మముల ముందుగా ఉత్తరమునకు సాగిపోవు రహదారి. శ్రీనగరము మొదలు కన్యాకుమారి వరకు దేశమును నిలువునా దాటిపోవు 44వ నంబరు జాతీయ రహదారి యిదియే. 2010లో అంకెలు మార్చక పూర్వము దీనిని 7వ నంబరనెడివారు, పెద్దలు ఇప్పటికిని నాగపూరు రోడ్డనియే అందురు. సుచిత్ర కూడలి నుండి మేడ్చలు వరకు ఈ రోడ్డుమీద బండిలో కూర్చుండి విసుగుకొనుట తప్ప దానివలన మనము పొందుచున్న ప్రయోజనము స్వల్పము. సెలవు దినము వచ్చెనా, ధాబాల ముందు బారులు తీరుటయు, శామీర్‌పేట చెరువుగట్టున గడియసేపు నిలిచి ఫొటోలు తీసికొని మరలుటయు మన విహారమైపోయినది. కాని యీ రోడ్డునే విడువక పట్టుకొని, తూప్రాను, రామాయంపేట, కామారెడ్డి, ఆర్మూరు గడచి, సోను వంతెనమీద గోదావరిని దాటి, నిర్మల్ మీదుగా నేరడిగొండ చేరినవారికి, సాత్మాల కొండల నడుమ, టేకు అడవులలో, కడెము నదీ పరీవాహమున మూడు జలపాతములు కలవు.

వానిలో కుంతాలకు కీర్తి యెక్కువ. 45 మీటర్ల యెత్తునుండి మెట్లుమెట్లుగా దిగు ఆ నీటిని చూచుటకు రాష్ట్రము నలుమూలలనుండి జనము వత్తురు. శివరాత్రికి సోమేశ్వరుని సేవించుటకు చుట్టుపట్ల గ్రామములు కదలివచ్చును. లోయలోనికి దిగుటకు మెట్లు కట్టబడినవి. పొచ్చెర ఎత్తు తక్కువ, వెడల్పెక్కువ. బండి దిగిన కొద్దిసేపటికే నీరు కనబడును. మూడవది తర్నం ఖుర్దు గ్రామము దాపుననున్న గాయత్రి. దీనికి పోవలెనన్న ఊరివద్ద బండి నిలిపి, పత్తిచేల గట్లమీదుగా అడవిలోనికి నడువక తప్పదు. ఆ నడకయే దాని నిశ్శబ్దమునకు కాపలా. నేనీ వారము చెప్పదలచినదంతయు ఈ కాపలా దానిని గూర్చియే.

ఒక్కనాటిలో పోయి రాదగిన ప్రయాణమే యిది, కాని లెక్క ముందుగా వేసికొనవలెను. కొంపల్లినుండి నేరడిగొండ సుమారు 240 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరినవాడు, దారిలో ఒకమారు టీకి దిగినను, ఎనిమిదిన్నర తొమ్మిదింటికి చేరగలడు. పిమ్మట నడక. విలియం నెయిస్మిత్ అను స్కాట్లండు పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రము చెప్పెను: మూడు మైళ్ళకొక గంట, ఎక్కవలసిన ప్రతి రెండువేల అడుగుల యెత్తునకు మరియొక గంట. నేటికిని కొండలెక్కువారు దీనితోనే లెక్కకు మొదలిడుదురు. ఆ లెక్కన అయిదు కిలోమీటర్ల నడక గంటలో ముగియవలెను. కాని నెయిస్మిత్ మహాశయుడు నల్లరేగడి బురదలో నడిచి యెరుగడు, సద్దిమూట విప్పుటకు ప్రతి చెట్టునీడను పరీక్షించు మన బంధువర్గమునైనను ఎరుగడు. కావున ఆతడు చెప్పిన కాలమును రెట్టింపు చేసికొనుట యుక్తము. పదకొండు గంటలకు నీటియొద్దకు చేరి, ఒంటిగంటకు లేచి, మూడింటికి ఊరు చేరి, చీకటిపడిన కొంతసేపటికి ఇల్లు చేరుట చక్కని పద్ధతి. కార్తీకమున ఆరు గంటలకు మునుపే ప్రొద్దు గ్రుంకును, అడవిలో వెలుగు అంతకంటెను ముందే సన్నగిల్లును.

ఈ లెక్కలో మార్చరానిది ఒంటిగంట యను ఆ యొక్క అంకెయే. బయలుదేరు వేళను గూర్చి మనవారు ఎంతయో వాదించుకొందురు, మరలు వేళను గూర్చి ఎవరును మాటాడరు. జలపాతము ఎదుట కూర్చుండినవానికి లేవబుద్ధి పుట్టదు. కావున లేవవలసిన గడియను ఇంటియొద్దనే, చల్లని బుద్ధితో నిర్ణయించి, ఇంటనుండువారిలో ఒకరికి చెప్పి పోవలెను. దారిలో ఆలస్యమైనచో తగ్గించుకొనవలసినది నీటియొద్ద గడుపు కాలమునే గాని మరలు వేళను కాదు. సగము దారిలో ఒంటిగంట కొట్టినచో, నీటి మ్రోత చెవులబడుచున్నను, వెనుకకు తిరుగుటయే.

ఇక ఋతువు. ఆషాఢ శ్రావణములలో నీరు మహోద్ధృతముగా ఉండునని చెప్పి అప్పుడే పోవలెనని యువకులు తొందరపడుదురు. 2023 జూలై మాసాంతమున ములుగు జిల్లా వీరభద్రవరము చేరువనున్న ముత్యాలధారకు పోయిన పర్యాటకులు ఎనుబదిమంది వరకు, మరలివచ్చు దారిలో వాగు పొంగగా రాత్రివేళ అడవిలో చిక్కుబడిరి. జాతీయ విపత్తు దళమువారు పోయి వారిని వెలికి తెచ్చిరి. పోవునప్పుడు మోకాలిబంటి యున్న వాగు వచ్చునప్పుడు నిలువెత్తు కావచ్చును, ఏలయన మన నెత్తిన చినుకు పడకున్నను ఎగువ కొండలలో కురిసిన వాన గంట రెండు గంటల పిమ్మట మనయొద్దకు దిగివచ్చును. నీరు ఉన్నట్లుండి మట్టిరంగు తిరుగుట, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొనివచ్చుట, మ్రోత బరువెక్కుట, ఇవి దాని రాకకు సూచనలు. కనబడిన క్షణమున సామానులను గూర్చి ఆలోచింపక గట్టెక్కవలెను. భాద్రపదము వెళ్ళి వానలు వెనుదీసిన పిమ్మట, ఆశ్వయుజ కార్తీకములలో, నీరు తేరి, నేల గట్టిపడి, వాగులు దాటదగి యుండును. నా మతమున అదియే సరియైన కాలము. జలపాతము క్రిందనుండు గుండములో దిగుట మాత్రము ఏ ఋతువునందును పనికిరాదు: పైకి నిశ్చలముగా కనబడు ఆ నీటి లోతును, పాచిబట్టిన బండల జారుడును ఈత నేర్చినవారిని సైతము బలిగొన్న సంగతి కుంతాల చుట్టుపట్లవారు చెప్పుదురు.

వెంట తీసికొనిపోవలసినవానిని గూర్చి విస్తరింపను. చీలమండలు కప్పు బూట్లు, మనిషికి రెండు లీటర్ల నీరు, పులిహోరయో జొన్నరొట్టెయో, ఒక టార్చిలైటు, పొడి బట్టల జత; ఫోను సిగ్నలును నమ్ముకొనక, పటమును ముందే దింపుకొని యుంచుకొనుట. వీనియన్నిటికంటె ముఖ్యము ఊరిలోని మనుష్యుడు. గ్రామమున ఆగి, “అన్నా, జర తొవ్వ చూపిస్తవా?” యని అడిగి, ఒకరిని వెంటబెట్టుకొని, వానికి ఒకనాటి కూలికి తక్కువగాకుండ ఇచ్చుట ధర్మము, క్షేమమును. ఏ వాగు ఎప్పుడు పొంగునో, ఎచ్చట బండ జారునో వానికి తెలిసినంత ఏ యంత్రమునకును తెలియదు. జట్టులో ఆర్గురను మించరాదు. స్పీకరు పెట్టెను మోసికొనిపోవువాడు ఇంటనే ఉండుట అందరికిని సుఖము.

గాయత్రికి కూడ రోడ్డు వేయవలెననియు, మెట్లు కట్టవలెననియు కోరువారు కలరు. వృద్ధులు, బాలురు చూడవలదా యని వారి వాదము. అది త్రోసిపుచ్చదగినది కాదు. కాని వృద్ధులకును బాలురకును పొచ్చెర యున్నది, మోకాళ్ళు సహకరించినచో కుంతాల మెట్లును ఉన్నవి. ఒకే నదీ పరీవాహమున మూడు జలపాతములుండగా మూడింటికిని కారు పోవలెనను నియమమేల? రోడ్డు పడినచో ఊరివారికి బ్రతుకుతెరువు దొరకునందురు. రోడ్డు పడినచోట పార్కింగు వేలము, శీతలపానీయముల దుకాణము పట్టణమునుండి వచ్చిన గుత్తేదారునకు పోవుట నేను పలుచోట్ల చూచితిని. త్రోవ చూపినవాని కూలి మాత్రము త్రోవ చూపినవాని చేతిలోనే పడును. పర్యాటక శాఖవారు నిజముగా ఆ ఊరికి మేలు చేయదలచిరేని, గ్రామ యువకులకు ప్రథమ చికిత్సయు, త్రాళ్ళతో మనుష్యులను వెలికితీయు విధానమును నేర్పి, గుర్తింపు చీట్లనిచ్చి, వారు వెంటలేనిదే ఎవరును లోపలికి పోరాదని నియమించిన చాలును. దానికి తారును, సిమెంటును అక్కరలేదు.

నడువగలమో లేదో యని శంకించువారు దూరము పోనక్కరలేదు. కండ్లకోయలో ఔటరు రింగు రోడ్డు ప్రక్కనే అటవీశాఖవారి ఆక్సిజన్ పార్కు కలదు. వచ్చు ఆదివారము ఉదయము, కొనదలచిన బూట్లు కొని తొడిగి, వీపున రెండు లీటర్ల నీరు పెట్టుకొని, ఆ బాటలలో గంటన్నర ఎడతెగక నడిచి చూచునది. బూట్లు కరచినను అచ్చటనే తెలియును, ఆయాసమైనను అచ్చటనే తెలియును. సుఖముగా నడిచినవారు కార్తీకములో తర్నం ఖుర్దుకు బయలుదేరవచ్చును. తక్కినవారు ఈ యేటికి పొచ్చెరకు పోవుదురుగాక, అదియును అందమైన జలపాతమే.

— పథికుడు