పుకారు ఆగాలంటే సగం ఊరు ముందే మేలుకోవాలి

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందన్న పుకారు 2018 వేసవిలో తెలుగు జిల్లాలను కుదిపేసింది. సెల్‌ఫోన్లలో బొమ్మలు, మాటలు ఊరి నుంచి ఊరికి పాకాయి. భయపడిన జనం కొత్త మనిషి కనిపిస్తే చాలు పట్టుకుని కొట్టారు. ఆ మే నెలలో తెలంగాణలో ప్రాణాలు కూడా పోయాయి. జూలై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడా గ్రామంలో భిక్షాటనతో బతికే సంచార జాతి వారు ఐదుగురిని జనం కొట్టి చంపారు.

ఇటువంటి ఘోరం జరిగిన తర్వాత ‘పుకార్లు నమ్మవద్దు’ అని అధికారుల ప్రకటన రావడం మామూలే. అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోతుంది. పుకారు పాకే తీరుకు ఒక లెక్క ఉంది. దాన్ని గ్రామస్థులు, పంచాయతీల వారు తెలుసుకుంటే ఎప్పుడు, ఏమి చేయాలో బోధపడుతుంది.

డేలీ, కెండాల్ అనే ఇద్దరు గణిత శాస్త్రజ్ఞులు 1964లో ఈ లెక్కను ఇంగ్లండు నుంచి వెలువడే ‘నేచర్’ అనే సైన్సు పత్రికలో ప్రకటించారు. అంటువ్యాధులు పాకే తీరుకు అంతకుముందే లెక్కలున్నాయి. పుకారు కూడా అలాగే పాకుతుందా అని వారు పరిశీలించారు. ముఖ్యమైన తేడా ఒకటి కనిపించింది. రోగి కొన్నాళ్లకు తనంతట తానే కోలుకుంటాడు. పుకారు మోసేవాడు మాత్రం ఎదుటివాడి వల్ల ఆగుతాడు.

వారు ఊరి జనాన్ని మూడు రకాలుగా విడదీశారు. పుకారు ఇంకా విననివారు, విని మోసేవారు, విని ఊరుకున్నవారు. మోసేవాడికి విననివాడు ఎదురైతే అతనూ మోయడం మొదలుపెడతాడు. మోసేవాడికి మరో మోసేవాడు ఎదురైతే ‘ఓస్, ఇది అందరికీ తెలిసిందే’ అని ఇద్దరూ మానుకుంటారు. ఊరుకున్నవాడు ఎదురైనా మోసేవాడు ఆగిపోతాడు. ఈ పద్ధతిలో లెక్క వేస్తే వెయ్యి మంది ఉన్న ఊళ్లో పుకారు చల్లబడే నాటికి దాదాపు 797 మంది వినేసి ఉంటారు. 203 మంది చెవిన మాత్రమే పడదు.

ఈ లెక్కలో పుకారు నిజమా, అబద్ధమా అన్న ప్రశ్నే లేదు. నిజం బయటపడినందువల్ల పుకారు ఆగడం లేదు. చెప్పడానికి కొత్తవాళ్లు దొరకనందువల్ల ఆగుతోంది. కనుక ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న సామెత ఇక్కడ పనికిరాదు. నలుగురూ అంటున్నారు కాబట్టి ఎంతో కొంత ఉంటుందిలే అనుకోవడం పెద్ద పొరపాటు. నలుగురికీ చెప్పింది ఆ ఒక్కడే కావచ్చు.

ఇదే లెక్కను మరో విధంగా చూడాలి. మోసేవాడికి విననివాడు ఎదురైతే మోసేవారిలో ఒకరు పెరుగుతారు. ఆపేవాడు ఎదురైతే ఒకరు తగ్గుతారు. కాబట్టి ఊళ్లో సగం మంది ముందుగానే సంగతి తెలిసి, ‘ఇది ఉత్తదే, చెప్పకు’ అని ఆపేవారైతే పుకారు పెరగనే పెరగదు. వెయ్యి మందిలో 200 మందిని ముందే సిద్ధం చేసినా, పుకారు బారిన పడేవారు 797 నుంచి దాదాపు 515కు తగ్గుతారు. ఊరంతటినీ మార్చనక్కరలేదు. కాని పుకారు రాకముందే మార్చాలి.

2018లో జోగులాంబ గద్వాల జిల్లాలో జరిగింది ఇందుకు దగ్గరగా ఉంది. ఎండాకాలం ఆరుబయట పడుకునే జనం పొద్దుగూకగానే ఇళ్లలోకి పోయి తలుపులు బిగించుకోవడం కానిస్టేబుళ్ల దృష్టికి వచ్చింది. అప్పటి పోలీసు సూపరింటెండెంట్ రెమా రాజేశ్వరి ఊరూరికీ కానిస్టేబుళ్లను పంపారు. వారు ఇంటింటికీ తిరిగి మాట్లాడారు, గ్రామస్థుల వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. డప్పు కళాకారులు పాటలతో విషయం విడమరిచారు. అక్కడ ఈ పుకారు ఎవరి ప్రాణమూ తీయలేదు.

ఆలస్యమైతే ఏమవుతుందో 2020లో కోళ్ల రైతులు అనుభవించారు. కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న ఉత్త మాట పాకి చికెన్ ధర పడిపోయింది. ఫిబ్రవరి నెలాఖరున తెలంగాణ మంత్రులు హైదరాబాదులో వేదిక మీదనే చికెన్ తిని చూపించారు. అయినా మార్చిలో కూడా చాలా రోజులు కొనేవారు వెనుకాడుతూనే ఉన్నారు. మేత ఖర్చు పెట్టిన రైతు మాత్రం నష్టపోయాడు.

2018 జూలైలో వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపకుండా కట్టడి పెట్టింది. మంచిదే. కాని పైలెక్క ప్రకారం వేగం తగ్గించినంత మాత్రాన వినేవారి సంఖ్య తగ్గదు. ఆపేవారు బయలుదేరడానికి వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిని వాడుకోకపోతే కట్టడి వల్ల ప్రయోజనం కొద్దే.

లెక్కకూ ఊరికీ తేడా లేకపోలేదు. ఎవరికి ఎవరైనా సమానంగా ఎదురవుతారని లెక్కలో అనుకున్నారు. ఊళ్లో అలా ఉండదు. టీ కొట్టువాడు, కిరాణా కొట్టువాడు, ఆటో డ్రైవరు, పాలకేంద్రం దగ్గర నిలబడేవారు రోజుకు ఎందరినో చూస్తారు. అటువంటి ఒక్కరు ఆపేవారైతే పదిమందితో సమానం. ముందుగా నచ్చచెప్పవలసింది వారికే.

నోటిమాటలన్నీ ఆపమని దీని అర్థం కాదు. ఏరు పొంగుతోందన్న నిజమైన హెచ్చరిక కూడా ఇదే దారిన పాకుతుంది. ఎవరు చూశారు, ఎక్కడ, ఎప్పుడు అని మూడు ప్రశ్నలు అడిగితే చాలు. జవాబు ఉన్న మాట నిలుస్తుంది. జవాబు లేనిదాన్ని పక్కవారికి చెప్పే ముందు పంచాయతీలోనో, పోలీసు స్టేషన్‌లోనో విచారించుకోవాలి.

ఏటా వేసవికి ముందే ప్రతి పంచాయతీలో దండోరా వేయించి, గ్రామసభలో ఈ సంగతి చర్చించాలి. ఏదైనా మాట వినిపిస్తే ఎవరిని అడగాలో పేరు, ఫోను నంబరు పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించాలి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక డప్పు, డబ్బా రంగు చాలు. దారి తప్పి ఊళ్లోకి వచ్చిన అమాయకుడు ప్రాణాలతో తిరిగి వెళ్లడానికి ఆ కొద్దిపాటి ఖర్చు పెట్టేందుకు సర్పంచులు, అధికారులు వెనుకాడకూడదు.