క్రొత్త బండి దోషములు: సంఘము పెట్టవలసిన పుస్తకము

క్రొత్త ట్రాక్టరు ఇంటికి వచ్చిన దినమున చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి త్రొక్కించుట మన ప్రాంతపు ఆచారము. అమెరికా దేశమున బండ్ల వ్యవహారములో నిమ్మకాయ యను మాటకు వేరొక యర్థమున్నది. కొన్ననాటినుండి చెడిపోవుచు, ఎన్నిమారులు బాగుచేయించినను బాగుపడని క్రొత్త బండిని అచ్చటివారు నిమ్మకాయ యందురు. అట్టి బండిని అమ్మిన కంపెనీ దానిని తిరిగి తీసికొని, సొమ్మునైనను వేరొక బండినైనను ఇయ్యవలెనని 1982లో మొట్టమొదట కనెక్టికట్ రాష్ట్రము శాసనము చేసెను. తక్కిన రాష్ట్రములు వెంబడించెను. ఈ శాసనములకు జనులు పెట్టిన పేరు నిమ్మకాయ చట్టములే. ఒకే దోషమునకు నాలుగుమారులు మరమ్మతు చేసినను తీరకపోయినను, బండి మొత్తము ముప్పది దినములు కార్ఖానాలో పడియుండినను అది నిమ్మకాయయే యని అనేక రాష్ట్రములలోని లెక్క. రైతు సోదరులు ఈ లెక్క యను మాటను జ్ఞాపకముంచుకొన గోరెదను.

మూడేండ్ల క్రిందట వానకాలమున చొప్పదండికి దాపుననున్న యొక గ్రామములో ఒక సభ్యుడు అప్పుపై ట్రాక్టరు కొనెను. నెల తిరుగకముందే దాని లిఫ్టు నాగలిని ఎత్తి నిలుపజాలకపోయెను. షోరూమునకు ఐదుమారులు తీసికొనిపోయెను. ప్రతిమారును మెకానిక్కు ఏదో సవరించి, ఆయిలు పోసి, సరిపోయినదని పంపివేసెను. ఒక్క కాగితమైనను ఇయ్యలేదు, ఇతడును అడుగలేదు. తుదకు వారు చెప్పిన మాట యేమనగా, కేజీవీలు వేసి దమ్ములో త్రొక్కించుటచే చెడినది, గ్యారంటీ వర్తింపదని. కాలువ క్రింద వరి పండించు తాలూకాలో దమ్ముకు పనికిరాని ట్రాక్టరును ఎవరికొరకు అమ్మినారో వారికే తెలియవలెను. ఆ సాలున అతడు గంటల లెక్కన కిరాయి బండి పెట్టి నాట్లు వేయించెను. కిస్తు మాత్రము ఆగలేదు.

ఆ బండి అతడు కొనుటకు నేనును కొంత కారణము. అదే రకపు బండిని ప్రదర్శన క్షేత్రమున దున్నించి చూపి, మంచిదని చెప్పినవాడను నేనే. "మీరు మంచిదంటిరి గదా సారూ" అని అతడు నన్నడిగిన దినమున, కాగితములు తెమ్మంటిని. కొనుగోలు బిల్లును, అప్పు పుస్తకమును తెచ్చెను. ఐదుమారులు తిరిగిన దానికి అతని నోటిమాట తప్ప సాక్ష్యము లేదు.

మన దేశమున నిమ్మకాయ చట్టము లేదు. 2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము గలదు. అది 2020 జూలై 20వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దోషము గల వస్తువును బాగుచేయించుటకును, మార్పించుటకును, సొమ్ము వాపసు ఇప్పించుటకును, నష్టపరిహారము విధించుటకును జిల్లా వినియోగదారుల కమిషనుకు అధికారమున్నది. షోరూము ఎచ్చటనున్నను, మనము నివసించు జిల్లాలోనే, అనగా కరీంనగరులోనే దరఖాస్తు చేయవచ్చును. వకీలు లేకుండనే చెప్పుకొనవచ్చును. ఐదు లక్షల వరకు వెలయిచ్చిన వస్తువునకు రుసుము లేదు. అంతకు పైన పది లక్షల వరకు 200 రూపాయలు. గడువు రెండేండ్లు. అయితే ఎన్నిమారులు చెడిన బండిని చెడ్డబండి యనవలెనో ఈ చట్టము చెప్పదు. భాగము మార్చి సరిచేయదగిన దోషమునకు బండినంతయు మార్పించుట తగదని 2006లో ఒక మారుతి కారు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున లిఫ్టు ఒక్కమారు చెడినంతనే క్రొత్త ట్రాక్టరు వచ్చునని ఆశపడరాదు. పలుమారులు బాగుచేసియు కుదురలేదని చూపగలిగిననాడే ఆ కోరికకు బలము.

రైతు వినియోగదారుడే కాడని వాదించువారు గలరు. నేషనల్ సీడ్స్ కార్పొరేషనుకును ఆంధ్రప్రదేశ్ రైతులకును నడచిన వ్యాజ్యములో 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసివేసినది. పరీక్షకు విత్తనము చూపలేదను ఆక్షేపణకు, కొన్న విత్తనమంతయు విత్తుకొను రైతు కొంత దాచియుంచునని ఎదురుచూడరాదని చెప్పినది. విత్తనమునకు ఆ మినహాయింపు న్యాయమే. ట్రాక్టరు మట్టిలో కలిసిపోవునది కాదు గదా. దానిని చూపవచ్చును, పరీక్ష చేయింపవచ్చును. అందుచేత కాగితము లేని రైతును అక్కడ ఎవరును మన్నింపరు. మరియొక సంగతి: స్వయముగా నడుపుకొని జీవనము సాగించువాడు కిరాయికి దున్నినను వినియోగదారుడే. పూర్తిగా జీతపు డ్రైవరుపై విడిచి కిరాయి వ్యాపారము చేయువానికి ఈ రక్షణ దొరకుట కష్టము.

ఇక ప్రాణభయము గల దోషముల మాట. 2022 ఏప్రిలులో మన పొరుగున నిజామాబాదులో, ఇంటిలో చార్జింగు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ ప్రేలి, ఎనుబదేండ్ల వృద్ధుడు మరణించెను. ఆ నెలలోనే ప్యూర్ ఈవీ వారు 2,000 స్కూటర్లను, ఒకినావా వారు 3,215, ఓలా వారు 1,441 స్కూటర్లను పరీక్షకై వెనుకకు పిలిచిరి. దీనిని రీకాల్ అందురు. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణచే, కంపెనీ తానుగా పిలువకున్నను కేంద్ర ప్రభుత్వము పిలిపింపవచ్చును. నియమములు 2021 ఏప్రిలు 1 నుండి అమలైనవి. ఏడేండ్లలోపు బండ్లకు వర్తించును. ఆజ్ఞ వచ్చినచో జరిమానా పది లక్షలనుండి కోటి వరకు. ప్రభుత్వము కదలుటకు చట్టము చూపిన మార్గములలో ఒకటి, ఆ రకపు బండి యజమానులలో ఇంత వంతు మంది ఫిర్యాదు చేయుట. చూడుడు, ఇచ్చటను లెక్కయే! పదిమంది రైతులు పది ఊళ్ల రచ్చబండలపై తిట్టుకొనిన తిట్లు ఆ లెక్కలో చేరవు.

మనలో మరియొక అలవాటున్నది. పాత బండిని చేతులు మార్చి, పేరు మార్పించుకొనక, మొదటి యజమాని పుస్తకముతోనే ఏండ్లకొలది నడుపుదుము. రీకాల్ జాబు పుస్తకములోని పేరునకే పోవును. బ్రేకు దోషము మన బండిలో నుండును. జాబు ఎవరి ఇంటి చూరులోనో ఉండును.

కావున నా యభిప్రాయమేమనగా, బండికి అప్పిచ్చిన సంఘము దాని దోషమునకు కూడ ఒక పుస్తకము పెట్టవలెను. సభ్యుని పేరు, బండి రకము, ఛాసిస్ నంబరు, కొన్న తేదీ అందులో నుండవలెను. చెడిన ప్రతిమారును తేదీయు, దోషమును, షోరూము వారిచ్చిన జాబ్ కార్డు నంబరును ఎక్కింపవలెను. జాబ్ కార్డు ఇయ్యమన్నచో, ఆ దినముననే ఫిర్యాదు వ్రాసి స్పీడ్ పోస్టులో పంపి రశీదు పుస్తకమునకు అంటింపవలెను. ఒకే రకపు బండికి ఒకే దోషము నలుగురు వ్రాసినచో కార్యదర్శికి వెంటనే తెలియును. అప్పుడు నలుగురును కలిసి, కమిషను అనుమతితో ఒకే దరఖాస్తు వేయవచ్చును.

ఇది సంఘపు పని కాదని కొందరు పెద్దలు నాతో ననిరి. బండి నిలిచిన ఇంట కిస్తు నిలుచును; అది సంఘపు పని కాకపోవునా? మన తప్పులు కూడ బయటపడునని మరియొకరనిరి. బయటపడనిండు. ట్రాలీపై మోయదగినదానికి రెట్టింపు వేయుటయు, ఆయిలు మార్చక రెండు కార్లు దున్నుటయు నేను కన్నులార చూచుచున్న సంగతులే. అట్టివాని ఫిర్యాదు పుస్తకములో నిలువదు, నిలువకుండుటయే మంచిది.

ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున పెట్టవలెనని కార్యదర్శి గారికి వ్రాసి యిచ్చితిని. ట్రాక్టరు, ఆటో, మోటారుసైకిలు గల సభ్యులు ఆ దినమున తమ రిజిస్ట్రేషను పుస్తకములు వెంట తెచ్చినచో, ఛాసిస్ నంబర్లు నేనే కూర్చుండి వ్రాసికొందును. ఆ లిఫ్టు చెడిన ట్రాక్టరు నంబరును మొదటి పుటలో వ్రాయుదును.