నిద్రలో తినెడి యంత్రములు

బోరుబావులలో నీరు నానాటికి తగ్గుచుండుటచే, భూమిలోని తేమను కొలిచి సెల్‌ఫోనునకు తెలియజేయు యంత్రములను సంఘము తరఫున కొని బాడుగ కియ్యవలెనని కొందరు సభ్యులు కోరుచున్నారు. కోరిక మంచిదే. కరెంటు వచ్చినదని మోటారు వేయుటయే గాని, పైరునకు తడి కావలయునో లేదో చూచి వేయు వారము మనలో కొలదిమందిమే. అయినను ఈ కొనుగోలును గూర్చి మా యభిప్రాయము కొంత కటువుగనే చెప్పవలసియున్నది.

గడచిన వేసవిలో ఒక చీనీ తోటలో మేము ప్రదర్శనార్థము ఇట్టి యంత్రము నొకదానిని పాతించితిమి. బ్యాటరీ రెండేండ్లు వచ్చునని అమ్మినవారు చెప్పిరి. పదునేడవ దినమున అది మూగవోయినది. ఫోనులో మాత్రము కడపటి కొలతయే తాజా కొలతవలె కనబడుచుండెను. తేమ చాలినంత యున్నదని నమ్మి రైతు తడి యాపెను. నాలుగు దినములు మేమును గమనింపలేదు. పిందె రాలినది. ఆ తప్పులో మా పాలు లేదని చెప్పజాలము.

పెట్టె విప్పి చూడగా కారణము తెలిసినది. ఇట్టి యంత్రమునకు మెదడు వంటిది మైక్రోకంట్రోలరు అను గోరంత చిప్పు. స్వల్ప విద్యుత్తుతో పనిచేయు రకములు 1990ల నుండి విరివిగా వచ్చుచున్నవి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఎం.ఎస్.పి.430 వానిలో పేరుపొందినది. మంచెమీద కునుకు తీయు కావలివానివలె ఈ చిప్పు దినములో అధికభాగము నిద్రించును. చిన్న స్ఫటిక మొకటి మాత్రము సెకనుకు 32,768 మారులు కంపించుచు కాలమును లెక్కించుచుండును. అరగంట కొకమారు చిప్పు మేల్కొని, తేమ కొలిచి, రేడియో ద్వారా వార్త పంపి, మరల నిద్రించును. మెలకువ యంతయు ఒక్క సెకను. నిద్రలో దానికి ఒకటి రెండు మైక్రోయాంపియర్లు చాలును. వేయి మైక్రోయాంపియర్లు కూడిన ఒక మిల్లీయాంపియరు.

మా యంత్రములో చిప్పు చక్కగనే నిద్రించుచుండెను. దాని ప్రక్కనున్న వోల్టేజి నియంత్రకమును, రాత్రింబవళ్లు వెలుగు చిన్న యెర్రదీపమును కలిసి 5 మిల్లీయాంపియర్లు త్రాగుచుండెను. కావలివాడు పొదుపరియే గాని పందికొక్కులు గాదెను ఖాళీ చేసినవి. 2,000 మిల్లీయాంపియర్ గంటల బ్యాటరీ ఆ లెక్కన 400 గంటలు, అనగా పదునారు దినములు దాటి కొంత సేపు, మాత్రమే వచ్చును. దీపమును తీసి, నియంత్రకమును మార్చినచో, అన్నిటికిని కలిపి సగటున 10 మైక్రోయాంపియర్లతో పని గడచును. కాగితముపై అది ఇరువది యేండ్లు దాటును. బ్యాటరీ అంతకు ముందే తనంతట క్షీణించును గాన, నాలుగైదేండ్లు వచ్చిన మేము సంతోషింతుము. సూర్యఫలకము పెట్టినచో ఈ చిక్కే యుండదు గదా యని కొందరనిరి. చెట్టు నీడలో, దుమ్ములో, ఆ ఫలకమును తుడుచు వారెవరు?

అమ్మువారి కరపత్రములలో చిప్పు త్రాగు లెక్క యొక్కటే అచ్చుపడుచున్నది. మనకు కావలసినది పెట్టె మొత్తము నిద్రలో త్రాగు లెక్క. దానిని వ్రాతమూలకముగా నియ్యమని అడుగవలెను. మోటార్లు బాగుచేయువారి యొద్ద మల్టీమీటరుండును. బ్యాటరీ తీగను విడదీసి మధ్య దానిని కలిపి, మొదట మిల్లీయాంపియర్ల మెట్టున ఉంచి, యంత్రము నిద్రించిన పిమ్మట క్రింది మెట్టునకు దింపి చూడవచ్చును. మేల్కొనునప్పుడు యంత్రము హెచ్చుగా లాగును గనుక మొదటనే క్రింది మెట్టున పెట్టరాదు. బ్యాటరీని జిగురుపోసి మూసివేసిన పెట్టెలను ఎంత చౌకయైనను త్రోసిపుచ్చవలెను. ఫోనులో ప్రతి కొలత ప్రక్కను అది ఎప్పటిదో గంటలతో కనబడవలెను.

ఈ మూడును లేని యంత్రములకై సభ్యుల వాటాధనమును వెచ్చించు తీర్మానము వచ్చినచో, మా సలహా వలదనియే. ముందుగా రెండింటిని మాత్రము కొని, ఒక పంటకాలము ఇద్దరు సభ్యుల పొలములలో ఉంచి చూతము. చీనీ తోట రైతు తన తోటలో మరల పాతుట కొప్పుకొనెను. ఈమారు ప్రతి ప్రొద్దున ఫోనుతోపాటు మట్టిని కూడ చేతితో పిడిచి చూచెదనని చెప్పినాడు.