సత్యము ఎవరి నోట వచ్చినా సత్యమే



ఈ వారం మేము ఒక మాటకు ఎదురు నిలిచి రాస్తున్నాము. "సైన్సును నమ్మేవాడు దేవుణ్ణి నమ్మలేడు, దేవుణ్ణి నమ్మినవాడికి సైన్సు అక్కరలేదు" అన్న మాట అది. ఉజ్జీవ సభల్లో మైకులో వింటున్నాము, వాట్సాప్‌లో చదువుతున్నాము, చప్పట్లు కూడా కొడుతున్నాము. ఆ మాట ఏం చేసి పోయిందో చప్పట్లు కొట్టినవారు చూడలేదు. మేము చూశాము.

డిగ్రీలో జీవశాస్త్రం చదువుతున్న మన సంఘపు ఆడబిడ్డ ఒకామె ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, "అయ్యగారూ, భూమి వయస్సు 454 కోట్ల సంవత్సరాలని పరీక్షలో రాశాను. పాపం చేశానా?" అని అడిగింది. ఆ బిడ్డ కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. ఇంకో ఇంట్లో షుగరు ఉన్న పెద్దాయన ఒక సభకు వెళ్ళొచ్చి, విశ్వాసమే మందు అని సూదిమందు మానేశారు. కాలికి పుండు పడింది. చివరకు రెండు వేళ్ళు తీసేశారు. ఒకే మాట ఒక ఇంట్లో మనస్సాక్షిని కోసింది, ఇంకో ఇంట్లో కాలిని కోసింది. ఇక మేము ఊరుకోలేము.

మన పాత నిబంధన ఎవరి చేతుల్లోనుండి మనకు వచ్చింది? యూదుల చేతుల్లోనుండి. మెస్సీయ విషయంలో వారికీ మనకూ ఉన్న భేదం చిన్నది కాదు. అయినా ఆదికాండమును మనకన్నా ముందు చదివినవారు వారు. ఒక్కొక్క అక్షరం లెక్కపెట్టి రాసుకున్నవారు వారు. "లేఖనమునకూ లోకజ్ఞానమునకూ పొత్తు కుదరదు" అని చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే ముందు వారికే ఉండాలి. వారేం చేశారో చూద్దాం రండి.

తల్మూదులో పస్కాను గూర్చిన భాగంలో ఒక వాదం ఉంది. రాత్రిపూట సూర్యుడు ఎక్కడికి పోతాడు? ఆకాశవిశాలమునకు పైగా వెనక్కి వెళ్తాడని ఇశ్రాయేలు జ్ఞానులు అన్నారు. కాదు, భూమికి క్రిందుగా వెళ్తాడని అన్యజనుల జ్ఞానులు అన్నారు. తీర్పు చెప్పినవాడు రబ్బీ యెహూదా హనాసీ. సుమారు క్రీ.శ. 200లో మిష్నాను కూర్చినవాడు ఆయనే. తన వారి పక్షం పట్టలేదు. మన మాటకంటే వారి మాటే సరిగా కనబడుతోందని ఒప్పుకున్నాడు. పగలు ఊటనీళ్ళు చల్లగా, రాత్రి వెచ్చగా ఉంటాయి గనుక సూర్యుడు క్రిందనుండే వెళ్తూ ఉండాలని కారణం చెప్పాడు.

ఆ కారణం ఈ రోజున నిలవదు. రాత్రి గాలి చల్లబడుతుంది గనుక ఊటనీరు మనకు వెచ్చగా తోస్తుంది, అంతే. సూర్యుడు భూమి చుట్టూ తిరగడని బడిపిల్లలకు కూడా తెలుసు, కాబట్టి ఆ రెండు లెక్కలూ నిలవవు. నిలిచింది ఆ ఒప్పుకోలు ఒక్కటే. అంతకంటే ఆశ్చర్యం, తమ జ్ఞానులు ఓడిన వాదాన్ని వారు చెరిపివేయలేదు. పరిశుద్ధంగా ఎంచుకునే గ్రంథంలోనే దాన్ని ఉంచి, తరతరాల పిల్లలచేత చదివించారు. మనలో ఎంతమంది బోధకులు "ఆ విషయంలో నేను పొరపడ్డాను" అని మైకులో చెప్పగలరు?

వారి పంచాంగమును చూడండి. పస్కా వసంతకాలంలో ఆబీబు నెలలో రావాలని ధర్మశాస్త్రం చెబుతుంది. చంద్రుని నెలలు లెక్కపెడితే ఏడాదికి సుమారు 11 రోజులు తగ్గి, పండుగ వెనక్కి జరిగిపోతుంది. అందుకని 19 ఏళ్ళకు 7 అధికమాసాలు కలుపుతారు, మన తెలుగు పంచాంగంలో అధికమాసం వచ్చినట్టే. ఒక అమావాస్యనుండి మరో అమావాస్యకు వారు పట్టే లెక్క 29 రోజుల 12 గంటల 44 నిమిషాల 3 సెకన్ల పైచిలుకు. నేటి ఖగోళశాస్త్రపు లెక్కకూ దానికీ సగటున తేడా అర సెకను మాత్రమే. ఆ లెక్క సీనాయి కొండమీద దిగిరాలేదు. బబులోను జ్యోతిశ్శాస్త్రులు మట్టిపలకలమీద రాసుకున్న లెక్క అది. తమ దేవాలయమును కాల్చి, తమను చెరపట్టిన బబులోను! నెలల పేర్లు కూడా అక్కడివే. తమ్మూజు అనే విగ్రహంకోసం స్త్రీలు ఏడ్వడం యెహెజ్కేలు దర్శనంలో హేయక్రియగా చూశాడు. అదే తమ్మూజు పేరు నేటికీ యూదుల పంచాంగంలో ఒక నెలకు ఉంది. విగ్రహమును విసర్జించారు, లెక్కను ఉంచుకున్నారు. ఏది పారవేయాలో, ఏది ఉంచుకోవాలో ఎరిగిన ప్రజలు చేసే పని ఇది.

ఆ లెక్కలో కూడా లోపం ఉంది. వారి సంవత్సరం అసలు సౌరసంవత్సరంకంటే 6 నిమిషాలకు పైగా పొడవు. సుమారు 216 ఏళ్ళకు ఒక రోజు చొప్పున పండుగలు ముందుకు జరుగుతున్నాయి. దాన్ని కూడా వారి పండితులే లెక్కగట్టి చెబుతారు. దాచుకోరు.

ఇక మైమోనిడీస్. 1138లో స్పెయిన్ దేశపు కొర్దోబాలో పుట్టి, 1204లో ఐగుప్తులో చనిపోయిన రబ్బీ. ధర్మశాస్త్రమంతటినీ క్రమపరచి రాసినవాడు. ప్రతిరోజూ రోగులను చూసిన వైద్యుడు కూడా. నెలల లెక్కను గూర్చి రాస్తూ, రుజువు స్పష్టంగా ఉన్నప్పుడు చెప్పినవాడు ప్రవక్తా అన్యుడా అని చూడనక్కరలేదనే అర్థంలో రాశాడు. "కలతపడినవారికి మార్గదర్శి" అనే పెద్ద గ్రంథంలో ఇంకా తేటగా చెప్పాడు. నక్షత్రాలను గూర్చి పూర్వపు జ్ఞానులు పలికినవి ప్రవక్తలనుండి వచ్చినవి కావు, వారి కాలంలో తెలిసినంతమట్టుకు చెప్పినవే అన్నాడు.

ఇక్కడ మన సహోదరులు లేచి ఒక ప్రశ్న అడుగుతారు. "అయ్యగారూ, ఆరు దినాలను ఒకసారి వంచితే, రేపు పునరుత్థానమును కూడా వంచుతారు. ఆ గట్టు తెగితే ఊరంతా మునుగుతుంది కదా?" ఇది తీసిపారవేయవలసిన ప్రశ్న కాదు. భయంలో అర్థముంది. అయితే మైమోనిడీస్ దీనికి జవాబు ఇచ్చే పోయాడు.

ఆయన కాలంలో అరిస్టాటిల్ మాట వేదవాక్కు. లోకమునకు మొదలే లేదు, అది ఎల్లప్పుడూ ఉన్నదే అని అరిస్టాటిల్ బోధ. మైమోనిడీస్ దానికి లొంగలేదు. కారణం ఏం చెప్పాడో గమనించండి. వచనాలు అడ్డుపడుతున్నాయి గనుక కాదు అన్నాడు. దేవుని హస్తము, దేవుని నేత్రము అని ఉన్న వచనాలను దేవునికి శరీరం లేదని ఎరిగి మనం అలంకారంగా చదువుకోవడం లేదా? అవసరమైతే ఇవీ అలాగే చదవగలం అన్నాడు. అరిస్టాటిల్ తన మాటను రుజువు చేయలేదు, అందుకే ఒప్పుకోను అన్నాడు. పైగా ఆ బోధను ఒప్పుకుంటే ధర్మశాస్త్రపు వేరే కదిలిపోతుందన్నాడు. అంటే గట్టు ఉంది. ఆ గట్టు పేరు రుజువు. గాలి ఎటు వీస్తే అటు వంగమని ఆయన చెప్పలేదు, రుజువైనదాని ఎదుట కళ్ళు మూసుకోవద్దన్నాడు.

సహోదరులారా, దేవుని హస్తమునకు అయిదు మాంసపు వేళ్ళున్నాయని మనలో ఎవరం అనుకోము. కాబట్టి లేఖనమును అలంకారంగా చదవడం ఎవరో సైంటిస్టు మనకు నేర్పిన దొంగబుద్ధి కాదు. ప్రతి ఆదివారం మనమే చేస్తున్నాము. ఇక పునరుత్థానం సంగతి. చచ్చినవాడు మామూలుగా లేవడని తోమాకు ఏ సైన్సు పుస్తకమూ చెప్పనక్కరలేకపోయింది. అది ఎరిగే అనుమానించాడు, చూసి నమ్మాడు. దేవుడు ఒక్కసారి చేసిన కార్యం వేరు, రాళ్ళలోను నక్షత్రాలలోను ప్రతిరోజూ కొలవగల సంగతి వేరు.

యూదుల ఇంట్లో అందరూ ఒకే మాటమీద ఉన్నారని మేము చెప్పము. అలా చెప్పితే అబద్ధికులమౌతాము. 1232లో దక్షిణ ఫ్రాన్సులో యూదా పెద్దలే మైమోనిడీస్ గ్రంథమును నిషేధించారు. మన కాలంలోనే, 2004 చివరలోను 2005 మొదటిలోను, నతాన్ స్లిఫ్‌కిన్ అనే రబ్బీ పుస్తకాలను కొందరు ప్రముఖ రబ్బీలు నిషేధించారు. విశ్వం వయస్సు వేల సంవత్సరాలు కాదనీ, తల్మూదు జ్ఞానులు ప్రకృతి విషయాల్లో పొరపడి ఉండవచ్చుననీ రాశాడని నేరం మోపారు. వారి లెక్కలో సృష్టి జరిగి 5,786 ఏళ్ళు. శాస్త్రజ్ఞుల లెక్కలో విశ్వమునకు సుమారు 1380 కోట్ల ఏళ్ళు. ఈ తేడా చిన్నది కాదు, పోరాటమూ చిన్నది కాదు.

అయినా భక్తిలో ఎవరికీ తీసిపోనివారే మరో వైపు నిలిచారు. భూమిలో వింత జంతువుల ఎముకలు బయటపడుతున్న కాలంలో, 1842లో రబ్బీ ఇశ్రాయేల్ లిప్‌షిట్స్ భయపడక ఆ వార్తను సంతోషంతో ప్రసంగించాడు. ఫ్రాంక్‌ఫర్టులో కఠినమైన ఆచారపరుల కాపరి సాంసన్ రాఫెల్ హిర్ష్, పరిణామం ఒకవేళ రుజువైతే ఇంత సరళమైన నియమంతో ఇంత జీవరాశిని కలుగజేసిన దేవునికి మరింత భయభక్తులు చూపవలసి ఉంటుందనే భావం రాశాడు. ఆయన 1888లో చనిపోయాడు. అంటే డార్విన్ పుస్తకం వచ్చిన తరంలోనే ఆ మాట అన్నాడు.

ఇప్పుడు మన పెద్దాయన కాలి దగ్గరకు వద్దాము. సున్నతి అబ్రాహాము నిబంధన. ఎనిమిదవ దినాన జరగవలసిందే. అయినా తల్మూదులో ఇలా ఉంది: ఒక తల్లి కుమారులు ఇద్దరు సున్నతివలన చనిపోతే మూడవవానికి చేయకూడదు. సెప్ఫోరిలో నలుగురు అక్కచెల్లెళ్ళలో ముగ్గురి బిడ్డలు అలాగే చనిపోతే, నాల్గవ ఆమె రబ్బాను షిమోను బెన్ గమలీయేలు దగ్గరకు వచ్చింది. చేయించవద్దన్నాడాయన. తండ్రులు వేరైనా తల్లి ఒకతెయైతే చాలునని తర్వాత మైమోనిడీస్ రాశాడు. రక్తం గడ్డకట్టని ఆ రోగమును ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ కాన్రాడ్ ఒట్టో వివరించి రాసింది 1803లో. అది తల్లిద్వారా ఎక్స్ క్రోమోజోములో వస్తుందని తెలిసింది ఆ తర్వాతే.

"చూశారా, సైన్సు అంతా ముందే గ్రంథంలో ఉంది!" అని దీన్ని కూడా ఫార్వర్డ్ చేయకండి. ఇది రెండవ అబద్ధం, మొదటిదానికి చెల్లెలు. ఆ రబ్బీలకు క్రోమోజోము తెలియదు. చనిపోయిన పసిబిడ్డలను లెక్కపెట్టడం తెలుసు, ఆ తల్లి మాట వినడం తెలుసు. నిబంధనకంటే తమ పట్టుదలను పెద్దది చేసుకోలేదు. అంతే, అదే చాలు.

ప్రాయశ్చిత్త దినం వారికి ఉపవాసాలన్నిటిలో గొప్పది. ఆ రోజున కూడా రోగికి తెలిసినవారి సలహా ప్రకారం అన్నం పెట్టాలని మిష్నా చెబుతుంది. ప్రాణం కాపాడటానికి విశ్రాంతి దినమును మీరవచ్చు. ఆ పనిని పిల్లలకు అప్పగించక పెద్దలే స్వయంగా చేయాలని మైమోనిడీస్ నియమం. మన కాలంలో బ్రూక్లిన్‌లో రబ్బీ యోసెఫ్ ఎక్‌స్టైన్, టే-సాక్స్ అనే రోగంతో నలుగురు బిడ్డలను పోగొట్టుకుని, 1983లో దోర్ యెషోరీమ్ అనే సంస్థను మొదలుపెట్టాడు. నిశ్చితార్థానికి ముందే రక్తపరీక్ష చేసి, ఇద్దరిలోనూ ఆ రోగకణం దాగి ఉందేమో చూస్తారు. పేర్లు బయటపడవు, నంబర్లు మాత్రమే. టీవీ కూడా ఇంట్లోకి రానివ్వని కుటుంబాలే ఆ పరీక్షకు పిల్లలను పంపిస్తున్నాయి. తరతరాలుగా మేనరికాలు చేసుకునే మన ఇళ్ళు ఇది విని ఆలోచించాలి.

కాబట్టి సంఘమా, మేము తీర్మానించుకున్నవి ఇవి. ఉపవాస ప్రార్థనలకు వచ్చే షుగరు, బీపీ, టీబీ ఉన్నవారు మాత్రలు వేసుకుని, తిని రావాలి. అది అవిశ్వాసం కాదని మేమే ముందుగా ప్రకటిస్తాము, మా పళ్ళెం కూడా వారి ప్రక్కనే పెట్టుకుంటాము. మన సభలకు వచ్చే బోధకుడు ఎవరైనా సరే, మందులు మానమని చెప్పనని ముందే మాట ఇవ్వాలి. ఇవ్వకపోతే వేదిక ఇవ్వము. స్వస్థతకొరకు ప్రార్థన మాత్రం మానము. ప్రార్థించి ఆసుపత్రికి తీసుకువెళ్తాము, తీసుకువెళ్ళి మళ్ళీ ప్రార్థిస్తాము.

జీవశాస్త్రం చదువుతున్న మా బిడ్డా, నీవు పాపం చేయలేదు. తెలిసిన నిజాన్ని తెలిసినట్టు రాశావు. అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ పరీక్ష హాలులో కూడా ఆజ్ఞే. ఆ 454 కోట్ల ఏళ్ళూ మన దేవుని ఏళ్ళే. వాటిని చూసి ఆయన చిన్నబోడు. మన ఆరాధన మాత్రం చిన్నదిగా ఉండిపోయిందేమో మనల్ని మనమే పరీక్షించుకోవాలి. బాగా చదువు తల్లీ. చదివింది మాకు కూడా చెప్పు. పొరపడితే ఒప్పుకునే మనస్సు మాకు దయచేయమని ప్రభువును అడుగుతున్నాము.

సత్యమునకు దేవుడైన ప్రభువు మనలను భయమునుండి విడిపించి నడిపించును గాక. ఆమేన్.