స్పామ్ ఫిల్టర్‌కి స్పామ్ చూపిస్తే చాలదు, మంచి మెయిల్ కూడా చూపించాలి

స్పామ్ ఫిల్టర్ బాగుందా లేదా అని ఎవరిని అడిగినా ఒకటే లెక్క చెప్తారు: ఎంత స్పామ్ ఆపింది? నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది. ఎన్ని మంచి మెయిల్స్‌ని పొరపాటున స్పామ్‌లో పడేసింది? లాటరీ మెయిల్ ఒకటి ఇన్‌బాక్స్‌లోకి జారిపోతే మనకు పోయేది ఒక్క సెకను. డిలీట్ కొడితే అయిపోయింది. అదే ఇంటర్వ్యూ కాల్ లెటరో, వీసా అపాయింట్‌మెంట్ మెయిలో జంక్‌లో పడితే మనం చూసేసరికి తేదీ దాటిపోయి ఉంటుంది.

ఈ మాట ఇక్కడ ఎందుకంటే, మనలో చాలామంది ఇప్పుడు సొంత డొమైన్ కొంటున్నారు, చవకైన వీపీఎస్ తీసుకుంటున్నారు, ఫొటోల బ్యాకప్ నుంచి పాస్‌వర్డ్ మేనేజర్ దాకా సొంతంగా హోస్ట్ చేసుకుంటున్నారు. ఆ తర్వాతి మెట్టు మెయిల్ సర్వర్. మెయిల్‌కౌ వేసుకుంటే ఆర్‌స్పామ్‌డీ, మెయిల్-ఇన్-ఎ-బాక్స్ వేసుకుంటే స్పామ్‌అసాసిన్ దాంతోపాటే వచ్చేస్తాయి. "ఫిల్టర్ ఉందిగా, ఇంకేం కావాలి" అనుకుని వదిలేస్తారు. నా అభ్యంతరం సరిగ్గా అక్కడే. ఇన్‌స్టాల్ చేసిన రోజున ఆ ఫిల్టర్‌కి మీ మెయిల్ గురించి ఏమీ తెలియదు.

మార్కులు వేసేది ఎవరు?

ఈ ఫిల్టర్లన్నీ మార్కుల మీద నడుస్తాయి. పంపిన సర్వర్ బ్లాక్‌లిస్ట్‌లో ఉందా, ఎస్‌పీఎఫ్, డీకేఐఎం సరిపోయాయా, హెడర్‌లో ఏమైనా తేడా ఉందా అని చూసి ఒక్కోదానికి ఇన్ని పాయింట్లు అని కలుపుతాయి. స్పామ్‌అసాసిన్‌లో డిఫాల్ట్‌గా 5 పాయింట్లు దాటితే స్పామ్ అని ముద్ర పడుతుంది. ఆర్‌స్పామ్‌డీలో మూడు మెట్లు: 4 దగ్గర కాసేపాగి మళ్లీ పంపమంటుంది, 6 దగ్గర స్పామ్ అని హెడర్ పెడుతుంది, 15 దగ్గర తిప్పి పంపేస్తుంది.

ఈ రూల్స్ ఎవరో, ఎక్కడో, వేరేవాళ్లకొచ్చిన మెయిల్ చూసి రాసినవి. అవి ఎప్పటికీ కరెక్టే అనుకోవడానికి లేదు. 2010 జనవరి 1న ఏం జరిగిందో చూడండి. స్పామ్‌అసాసిన్‌లో "తేదీ భవిష్యత్తులో ఉంది" అని పట్టుకునే ఒక రూల్ ఉండేది. అది 2010ని కూడా భవిష్యత్తుగానే లెక్కేసింది. అంతే, కొత్త సంవత్సరం మొదలవగానే వచ్చిన ప్రతి మెయిల్‌కీ చాలా సెటప్‌లలో 3 పాయింట్లకు పైగా అదనంగా పడ్డాయి. పరిమితి 5 అయినప్పుడు 3 అంటే సగానికి పైనే. ఇంకో చిన్న అనుమానం తోడైతే చాలు, మంచి మెయిల్ జంక్‌లోకి వెళ్తుంది. రూల్‌ని వెంటనే సరిచేశారు, కానీ అప్‌డేట్ చేసుకోని సర్వర్లకు ఆ సరిచేయడం వల్ల ఒరిగిందేమీ లేదు.

మన మెయిల్ మనదే

ఇక్కడే బేయిస్ ఫిల్టర్ పనికొస్తుంది. 2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ రాసిన "ఎ ప్లాన్ ఫర్ స్పామ్" వ్యాసంతో ఈ పద్ధతి బాగా పాపులర్ అయింది. ఐడియా సింపుల్. రూల్స్ మనం రాయక్కర్లేదు. ఒక గుట్ట స్పామ్, ఒక గుట్ట మంచి మెయిల్ ఇస్తే, ఏ పదం ఎటువైపు ఎక్కువగా కనిపిస్తుందో ప్రోగ్రామే లెక్క కడుతుంది. ఎర్ర రంగుకి వాడే హెచ్‌టీఎంఎల్ కోడ్ కూడా స్పామ్‌కి గట్టి గుర్తని ఆ లెక్కలోనే బయటపడింది. మనిషి కూర్చుని రాస్తే అలాంటి రూల్ తట్టడం కష్టం.

ఆ వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి. మంచి మెయిల్స్‌లో ఒక పదం ఎన్నిసార్లు వచ్చిందో ఆ సంఖ్యని గ్రాహమ్ కావాలనే రెట్టింపు చేశారు. మంచి మెయిల్ పోవడం స్పామ్ రావడం కన్నా పెద్ద నష్టం కాబట్టి తక్కెడని ఒకవైపు వంచారు. ఇరవై ఏళ్లు దాటినా మన ఫిల్టర్ సెటప్‌కి నేను కోరేది ఆ వంపే.

తెలుగువాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. రెడీమేడ్ రూల్స్‌లో పదాలను చూసేవి ఎక్కువగా ఇంగ్లిష్ స్పామ్ చూసి రాసినవి. మన ఇన్‌బాక్స్‌లో ఉండేది కొంత ఇంగ్లిష్, కొంత తెలుగు, మిగతాది ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసిన తెలుగు. బావగారు పంపిన గృహప్రవేశం పిలుపు మంచి మెయిల్ అని ఏ రూల్‌కీ తెలియదు. మీరు చూపిస్తే బేయిస్ నేర్చుకుంటుంది. దానికి భాషతో పనిలేదు, లెక్కతోనే పని.

అందరూ వదిలేసేది హ్యామ్‌నే

మంచి మెయిల్‌ని ఈ రంగంలో హ్యామ్ అంటారు. ట్రైనింగ్ అనగానే జంక్ ఫోల్డర్ మొత్తాన్ని నేర్పించేసి చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువ. స్పామ్‌అసాసిన్‌లో బేయిస్ మార్కులు వేయడం మొదలుపెట్టాలంటే కనీసం 200 స్పామ్, 200 హ్యామ్ నేర్చుకుని ఉండాలి. ఆర్‌స్పామ్‌డీలోనూ డిఫాల్ట్ 200. మీరు 5,000 స్పామ్ ఇచ్చి హ్యామ్ 150 దగ్గర ఆపేస్తే బేయిస్ నోరే తెరవదు. 200 దాటినా ఒకవైపే నేర్పిస్తే ఇంకో తంటా ఉంది. "అకౌంట్", "పేమెంట్", "ఓటీపీ" లాంటి పదాలు దానికి స్పామ్‌లోనే కనిపిస్తాయి. అప్పుడు మీ నిజమైన కరెంటు బిల్లు రశీదు కూడా అనుమానంగానే కనిపిస్తుంది.

"ఆటో లెర్న్ ఉందిగా" అనొచ్చు. ఉంది. స్పామ్‌అసాసిన్‌లో డిఫాల్ట్‌గా 0.1 కన్నా తక్కువ స్కోరొస్తే హ్యామ్‌గా, 12 దాటితే స్పామ్‌గా తనంతట తానే నేర్చుకుంటుంది. మరి ఈ రెండింటి మధ్య ఉన్నవి? కష్టమైన మెయిల్స్ అన్నీ అక్కడే ఉంటాయి, వాటిని మాత్రం ముట్టుకోదు. ఈజీ ప్రశ్నలు మాత్రమే ప్రాక్టీస్ చేసి పరీక్షకి వెళ్లినట్టు ఉంటుంది.

నేను సిఫార్సు చేసే సెటప్

మొదటి రెండు వారాలు ఏదీ డిలీట్ చేయొద్దు. స్పామ్‌అసాసిన్ సొంతంగా మెయిల్ డిలీట్ చేయదు, ముద్ర మాత్రమే వేస్తుంది. డిలీట్ చేయించేది మనం పెట్టే కాన్ఫిగరేషనే. జంక్ ఫోల్డర్‌లో వేయించండి చాలు. 5ని 3కి తగ్గించే ఆలోచన మానేయండి. స్పామ్ జారుతుంటే ట్రైనింగ్ పెంచండి, పరిమితి తగ్గించకండి.

డోవ్‌కాట్‌లో ఐమ్యాప్‌సీవ్ ప్లగిన్ ఆన్ చేయండి. మెయిల్‌ని జంక్‌లోకి జరిపితే స్పామ్‌గా, జంక్ నుంచి బయటికి తీస్తే హ్యామ్‌గా ఫిల్టర్‌కి చేరేలా స్క్రిప్ట్ పెట్టుకోవచ్చు. దీని అందం ఏంటంటే ఫోన్‌లోని ఏ ఐమ్యాప్ యాప్ నుంచైనా పనిచేస్తుంది. ఫోన్‌లో స్పామ్‌ని డిలీట్ కొడితే ఫిల్టర్ ఏమీ నేర్చుకోదు, జంక్‌లోకి జరిపితేనే నేర్చుకుంటుంది. ఒక్క జాగ్రత్త: జంక్ నుంచి ట్రాష్‌లోకి పోయినవాటిని హ్యామ్‌గా లెక్కించకుండా స్క్రిప్ట్‌లో మినహాయించండి. లేదంటే జంక్ ఖాళీ చేసిన ప్రతిసారీ స్పామ్ అంతా మంచిదని నేర్పినట్టవుతుంది.

హ్యామ్ కోసం ఈ మధ్య మీరు చదివి, జవాబిచ్చి, దాచుకున్న మెయిల్స్ ఇవ్వండి. బ్యాంకు, కాలేజీ, టికెట్ బుకింగ్, కొరియర్, ఇలా అన్ని రకాలూ ఉండాలి. ఇక పక్కా స్పామ్‌ని ఆపాలనుకుంటే మెయిల్ అందుకుంటున్న క్షణంలోనే తిరస్కరించండి. పంపింది నిజమైన మనిషైతే తన మెయిల్ చేరలేదని అతనికి తెలుస్తుంది. తీసుకున్నాక చప్పుడు లేకుండా పారేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. మా ఫ్రెండ్ చదివిన ఒక కాలేజీ సర్వర్ అదే చేసేది. ఇంటర్వ్యూ మెయిల్ పంపామని కంపెనీ అంటుంది, రాలేదని వీడు అంటాడు. చూపించడానికి జంక్ ఫోల్డర్ కూడా లేదు.

జీమెయిల్ ఉండగా ఇదంతా ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. గూగుల్ చూసినంత మెయిల్ మన చిన్న సర్వర్ ఎప్పటికీ చూడదు. బ్యాంకు పేరుతో అచ్చు అలాగే రాసిన ఫిషింగ్ మెయిల్‌ని పదాల లెక్కతో పట్టుకోవడం కష్టం కూడా. అక్కడ డీమార్క్ లాంటి చెకింగ్‌లే దిక్కు. కానీ జీమెయిల్‌లోనూ "స్పామ్ కాదు" బటన్ చేసేది ఇదే ట్రైనింగ్. మనం కావాలని సబ్‌స్క్రైబ్ చేసుకున్న న్యూస్‌లెటర్‌ని విసుగొచ్చి స్పామ్ అని కొట్టడం కూడా ట్రైనింగే, తప్పుడు ట్రైనింగ్. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకి 5,000కి పైగా మెయిల్స్ పంపేవాళ్ల స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని గూగుల్ నిబంధన పెట్టింది. అంటే మన వేలికి అంత విలువుంది. వద్దనుకుంటే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి.

నా తీర్పు ఇది: రోజుకి రెండు మూడు స్పామ్‌లు ఇన్‌బాక్స్‌లోకి వచ్చినా పర్లేదు, నెలకి ఒక్క మంచి మెయిల్ కూడా పోని ఫిల్టరే మంచి ఫిల్టర్. సర్వర్ మీదైతే ఈ ఆదివారం ఓ గంట కూర్చుని 200 మంచి మెయిల్స్ నేర్పించండి. మీది కాకపోతే, ఇప్పుడే జంక్ ఫోల్డర్ ఓసారి తెరిచి చూడండి.